మూత్రపిండ దానం: శాస్త్రం దాటిన మెట్లు, సమాజం దాటవలసిన మెట్టు

తన శరీరంలోని భాగాన్ని పరులకోసం ఇచ్చినవారి కథలు తెలుగు ఇళ్లలో పిల్లలు అన్నం తింటూ విన్న కథలు. పావురాన్ని కాపాడడానికి తొడమాంసం కోసి తక్కెడలో వేసిన శిబి చక్రవర్తి, వజ్రాయుధం కోసం తన ఎముకలను దేవతలకు సమర్పించిన దధీచి మహర్షి, శ్రీకాళహస్తిలో శివలింగం కంట నెత్తురు చూడలేక తన కంటినే పెకలించి అతికించిన కన్నప్ప, వీరంతా దాతలలో అగ్రగణ్యులుగా నిలిచిపోయారు. ఆ కథలన్నిటిలోనూ దాత ఇవ్వడానికి సిద్ధపడడమే కష్టమైన ఘట్టం. ఇచ్చిన తరువాత అది అతుకుతుందా, నిలుస్తుందా అన్న ప్రశ్న అక్కడ లేదు.

వైద్యశాస్త్రానికి ఎదురైన చిక్కు ఇందుకు విరుద్ధమైనది. ఇవ్వడానికి సిద్ధపడే తల్లులు, అన్నదమ్ములు ఎప్పుడూ ఉన్నారు. ఇచ్చిన అవయవాన్ని మరొక దేహంలో నిలబెట్టడం మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో అధిక భాగం వైద్యులకు సాధ్యం కాలేదు. ఇప్పుడు పరిస్థితి తలక్రిందులైంది. నిలబెట్టే విద్య చేతికి వచ్చింది, కాని ఇచ్చేవారి సంఖ్య అవసరానికి చాలడం లేదు. అమెరికాలో 2023లో 27 వేలకు పైగా మూత్రపిండ మార్పిడులు జరిగాయి. అయినా ఆ దేశంలో మూత్రపిండం కోసం ఎదురుచూసేవారి జాబితాలో సుమారు 90 వేల మంది మిగిలే ఉన్నారు. ఈ వ్యత్యాసం విదేశాలలోని తెలుగు కుటుంబాలకు మరింత దగ్గర విషయం. ఎందుకో తెలియాలంటే ముందుగా ఈ విద్య నడచివచ్చిన దారి తెలియాలి.

పిడికెడంత అవయవం, పగలూ రాత్రీ పని

నడుముకు కొంచెం పైన, వెన్నెముకకు రెండు వైపులా ఉండే మూత్రపిండాలు ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల బరువు ఉంటాయి. ఒక్కొక్కదానిలో ఇంచుమించు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టాలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, శరీరానికి కావలసినదంతా తిరిగి పీల్చుకొని, చివరకు లీటరున్నర, రెండు లీటర్ల మూత్రాన్ని మాత్రమే బయటికి పంపుతాయి. రక్తపోటును అదుపులో ఉంచడం, ఎర్ర రక్తకణాల తయారీకి ఆదేశం పంపడం, ఎముకలకు కావలసిన 'డి' విటమిన్‌ను పనికివచ్చే రూపంలోకి మార్చడం కూడా వీటి బాధ్యతలే.

ఇంత పని చేసే అవయవం చెడిపోయేటప్పుడు చప్పుడు చేయదు. సామర్థ్యంలో సగానికి పైగా పోయేదాకా రోగికి ఏమీ తెలియకపోవచ్చు. పాదాల వాపు, ఆకలి మందగించడం, వికారం, ఆయాసం కనిపించేనాటికి ఆలస్యమై ఉంటుంది. ప్రపంచమంతటా దీనికి ముఖ్య కారణాలు రెండు: మధుమేహం, అధిక రక్తపోటు. దక్షిణాసియా వారిలో మధుమేహం ఎక్కువగానూ, చిన్న వయస్సులోనూ కనిపిస్తుంది కనుక, ఎక్కడ స్థిరపడినా తెలుగువారు ఈ మాటను తేలికగా తీసుకోరాదు. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతున్నదో లేదో చూసే రెండు సులభమైన పరీక్షలు ముప్పును ఏళ్ల ముందే చెప్పగలవు.

ఈ రెండు కారణాలకూ లొంగని వ్యాధి ఒకటి తెలుగునేలమీదే ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం కొబ్బరి, జీడిమామిడి తోటలకు పేరుపొందింది. అక్కడి పల్లెల్లో మధుమేహం గాని, రక్తపోటు గాని లేని రైతులు, కూలీలు సైతం మూత్రపిండాలు చెడి మంచాన పడుతున్నారు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, వంశపారంపర్య లక్షణాలు అంటూ పరిశోధకులు అనేక కోణాలు పరిశీలించారు. ఏ ఒక్కటీ కారణమని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. శ్రీకాకుళం నుంచి విదేశాలకు వెళ్లిన కుటుంబాలలో ఈ వ్యాధి వార్త ఎరగనివి తక్కువ.

కుట్టుపని నేర్చిన వైద్యుడు

చెడిన మూత్రపిండానికి బదులు మంచిదాన్ని అమర్చాలన్న ఆలోచనకు ఎదురైన మొదటి అడ్డంకి సూదీ దారానిది. తెగిన రక్తనాళాలను రక్తం కారకుండా, లోపల గడ్డకట్టకుండా కలిపి కుట్టడం పంతొమ్మిదవ శతాబ్దపు వైద్యులకు చేతకాలేదు. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నోను లియాన్ నగరంలో ఒక హంతకుడు కత్తితో పొడిచాడు. కాలేయానికి పోయే పెద్ద రక్తనాళం తెగింది. దానిని కుట్టగలవారు లేక ఆయన ప్రాణం పోయింది. ఆ నగరంలోనే వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్ మనసులో ఈ సంఘటన నాటుకుపోయింది. ఆయన అల్లికపని చేసే స్త్రీ వద్ద సన్నని సూదిని వాడడం నేర్చుకొని, గుండ్రని నాళపు అంచును మూడు చోట్ల పట్టి త్రికోణంగా లాగి కుట్టే పద్ధతిని 1902లో ప్రకటించారు. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేటికీ అవయవ మార్పిడికి పునాది ఆ కుట్టే.

నాళాలు కలిసినా అవయవం మాత్రం నిలువలేదు. 1933లో ఉక్రెయిన్‌కు చెందిన యూరీ వొరొనొయ్ మరణించిన వ్యక్తి మూత్రపిండాన్ని మరొక మనిషికి అమర్చారు. మనిషి నుంచి మనిషికి జరిగిన మొట్టమొదటి మార్పిడి అదే. దాత, గ్రహీతల రక్తవర్గాలు వేరు. రెండు రోజుల్లో రోగి మరణించింది.

ఈలోగా రోగిని కొంతకాలం నిలిపి ఉంచే ఉపాయం ఒకటి దొరికింది. జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు 1943లో మాంసపు సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని తిరిగే పీపాకు చుట్టి, దానిగుండా రోగి రక్తాన్ని పంపి వడగట్టే యంత్రాన్ని తయారుచేశారు. మొదట చికిత్స పొందినవారు ఒకరి వెంట ఒకరు మరణించారు. 1945లో 67 ఏళ్ల స్త్రీ స్పృహ తప్పిన స్థితి నుంచి కోలుకొని బయటపడింది. డయాలసిస్ చికిత్సకు అది నాంది. అయితే ఈ యంత్రం మూత్రపిండం చేసే పనిలో కొంత భాగాన్నే చేయగలదు. వారానికి మూడు రోజులు, రోజుకు సుమారు నాలుగు గంటలు దానికి కట్టుబడి ఉండడమే రోగి జీవితమవుతుంది.

'నాది కాదు' అనే దేహం

అమర్చిన అవయవం ఎందుకు చెడుతున్నదన్న రహస్యాన్ని విప్పినవారు బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కాలిన గాయాలకు ఇతరుల చర్మాన్ని అతికించే ప్రయత్నాలు జరిగేవి. అతికిన చర్మం కొద్దిరోజుల్లో రాలిపోయేది. అదే దాత చర్మాన్ని రెండవసారి అతికిస్తే మరింత త్వరగా రాలిపోవడాన్ని మెడావర్, ఆయన సహచరుడు 1943లో గ్లాస్గోలో గమనించారు. అంటే దేహం మొదటి అనుభవాన్ని గుర్తుపెట్టుకుంటున్నది. మశూచి ఒకసారి సోకినవారిని మళ్లీ ఎందుకు ముట్టదో, పరాయి చర్మం ఎందుకు రాలిపోతుందో రెండింటికీ మూలం ఒకటే: తనదేదో, పరాయిదేదో పోల్చుకొనే రోగనిరోధక వ్యవస్థ. అది ప్రాణదాతను, ప్రాణహంతకుని వేరుచేయలేదు. అన్న ఇచ్చిన మూత్రపిండమైనా దానికి శత్రువే.

ఈ వ్యవస్థకు తేడా తెలియని సందర్భం ఒక్కటే ఉంది. అది ఒకే అండం నుంచి పుట్టిన కవలలది. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరంలోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో జోసెఫ్ మరే బృందం రోనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని తీసి, మరణానికి చేరువలో ఉన్న అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. వారు నిజంగా ఏకరూప కవలలో కాదో తెలుసుకోవడానికి ముందుగా ఒకరి చర్మాన్ని మరొకరికి అతికించి చూశారు, వేలిముద్రలు కూడా పోల్చారు. రిచర్డ్ మరి ఎనిమిదేళ్లు జీవించి, తనకు సేవచేసిన నర్సును వివాహమాడి, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాడు. ఒక్క మూత్రపిండంతో మిగిలిన రోనాల్డ్ 79 ఏళ్ల వయస్సులో 2010లో కన్నుమూశాడు. జోసెఫ్ మరేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

బోస్టన్‌లో ఒక తెలుగువాడు

ఆ ఆసుపత్రి పేరు తెలుగువారి చరిత్రలో అంతకు ముప్ఫై ఏళ్ల ముందే ఒకసారి వస్తుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూ, జీవనం గడవడానికి బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. 1925లో ఆయన, సైరస్ ఫిస్క్ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. మూత్రపిండాలు చెడినప్పుడు రక్తంలో పేరుకొనే పదార్థాలలో భాస్వరం ఒకటి. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో దశాబ్దాలపాటు వాడుకలో ఉంది.

తరువాత లెడర్లే సంస్థలో సుబ్బారావు నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి విరుద్ధంగా పనిచేసే మందులను తయారుచేశారు. వాటి సూత్రం సరళమైనది. వేగంగా విభజన చెందే కణానికి కావలసిన పదార్థాన్ని పోలిన నకిలీ పదార్థాన్ని అందిస్తే, కణం దానిని అసలుదని భ్రమపడి తీసుకొని, ముందుకు సాగలేక ఆగిపోతుంది. పసిపిల్లల రక్త క్యాన్సరుకు తొలి ఊరటను ఈ మందులే ఇచ్చాయి. ఇదే ఆలోచనాసరళిలో మరొక సంస్థలో గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన మందులలో ఒకటి అజాథయోప్రిన్. నిరోధక కణాలు కూడా వేగంగా విభజన చెందేవే కనుక ఈ మందు వాటి జోరును తగ్గించింది. దాని సాయంతో 1962లో అదే బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో, రక్తసంబంధం లేని మృతదాత నుంచి తీసిన మూత్రపిండం ఏడాదికి పైగా పనిచేసింది. ఎలియన్, హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. 1948లోనే న్యూయార్క్‌లో మరణించిన సుబ్బారావు ఇందులో ఏదీ చూడలేదు.

ఆ రోజుల్లో మృతదాతల మూత్రపిండాలలో ఏడాది తిరిగేసరికి సుమారు సగమే మిగిలేవి. ఈ లెక్కను మార్చినది నార్వే పీఠభూమి నుంచి 1969లో సేకరించిన మట్టిలో దొరికిన ఒక బూజు. దాని నుంచి స్విట్జర్లాండులోని శాండోజ్ సంస్థ వేరుచేసిన సైక్లోస్పోరిన్ నిరోధక వ్యవస్థ మొత్తాన్ని అణచదు. దాడికి నాయకత్వం వహించే ఒక తెగ కణాలనే నెమ్మదింపజేస్తుంది. 1983లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టి నుంచి 1984లో లభించిన టాక్రోలిమస్ నేడు దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. నేడు మంచి కేంద్రాలలో మృతదాతల మూత్రపిండాలు సైతం నూటికి తొంభైకి పైగా ఏడాది దాటుతున్నాయి. అయితే ఈ మందులను మూత్రపిండం పనిచేసినన్నాళ్లూ వేళ తప్పకుండా వాడాలి. వీటివల్ల అంటువ్యాధులు, కొన్ని రకాల క్యాన్సర్లు, మధుమేహం వచ్చే ముప్పు పెరుగుతుంది. కాబట్టి మూత్రపిండ మార్పిడి వ్యాధిని తుడిచివేసే చికిత్స కాదు, డయాలసిస్‌కన్న ఎంతో మెరుగైన జీవితాన్ని ఇచ్చే చికిత్స.

జోడీ కుదరడమంటే ఏమిటి?

దాతకూ గ్రహీతకూ జోడీ కుదురుతుందో లేదో చెప్పే పరీక్షలు మూడు. మొదటిది రక్తవర్గం. 'ఓ' వర్గం దాత ఎవరికైనా ఇవ్వవచ్చు, 'ఎబి' వర్గం గ్రహీత ఎవరి నుంచైనా పొందవచ్చు, 'బి' వర్గం రోగికి 'బి' గాని 'ఓ' గాని కావాలి. రెండవది కణజాల పరీక్ష. దాదాపు ప్రతి కణం మీదా ఉండే హెచ్‌ఎల్‌ఎ అనే గుర్తులను 1958లో ఫ్రెంచి శాస్త్రవేత్త జా దొసే మొదట కనుగొన్నారు. ఈ గుర్తులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. అందుచేత తల్లిదండ్రులతో బిడ్డకు సగం కలుస్తుంది. తోబుట్టువులిద్దరి మధ్య పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసే అవకాశం నాలుగింట రెండు, ఏమీ కలవని అవకాశం నాలుగింట ఒకటి. మూడవది, దాత కణాలనూ గ్రహీత రక్తద్రవాన్నీ కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష. గ్రహీత రక్తంలో దాత గుర్తులకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉంటే, అమర్చిన మూత్రపిండం నిమిషాల్లోనే చెడవచ్చు.

ఈ ప్రతిరక్షకాలు పూర్వం జరిగిన రక్తమార్పిడి వల్ల గాని, గర్భధారణ వల్ల గాని ఏర్పడతాయి. బిడ్డలో తండ్రి గుర్తులు సగం ఉంటాయి కనుక, గర్భిణి దేహం వాటిని పరాయివిగా గుర్తుపెట్టుకోవచ్చు. దీని ఫలితం విచిత్రమైనది. భార్య తన మూత్రపిండాన్ని భర్తకు ఇవ్వగలిగిన సందర్భంలో సైతం, భర్త మూత్రపిండం భార్యకు పనికిరాకపోవచ్చు. తాను కన్న బిడ్డ ఇవ్వబోయినా తల్లి దేహం ఒప్పుకోకపోవచ్చు.

విదేశాలలోని తెలుగువారి ప్రత్యేక సమస్య ఇక్కడే మొదలవుతుంది. 'బి' రక్తవర్గం దక్షిణాసియా వారిలో ఇంచుమించు మూడింట ఒక వంతు మందికి ఉంటుంది. యూరపు మూలాలున్న అమెరికన్లలో అది పదింట ఒక వంతు మాత్రమే. కణజాలపు గుర్తులు కూడా ఒకే పూర్వికుల సంతతిలో కలిసే అవకాశమే ఎక్కువ. అమెరికాలో 'బి', 'ఓ' వర్గాల రోగులు ఇతరులకన్న ఎక్కువ కాలం వేచి ఉండవలసి వస్తున్నది. బ్రిటన్‌లో ఎదురుచూసేవారి జాబితాలో ఆసియా సంతతి వారి వాటా, దాతలలో వారి వాటాకన్న చాలా ఎక్కువ. దేహం కులాన్ని, గోత్రాన్ని, ప్రాంతాన్ని అడగదు. అయితే తన పూర్వికుల గుర్తులను మాత్రం చూస్తుంది. ఆ గుర్తులున్నవారు ముందుకు రాకపోతే ఎంత పెద్ద ఆసుపత్రి అయినా చేయగలిగినది పరిమితమే.

బ్రతికి ఉండి ఇచ్చేవారు

ఆరోగ్యవంతుడు ఒక్క మూత్రపిండంతో నిండు జీవితం గడపగలడు. మిగిలినది కొంచెం పెరిగి, రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతాన్ని తానే నిర్వహిస్తుంది. 1995 నుంచి చిన్న రంధ్రాలద్వారా గొట్టపు కెమెరాతో మూత్రపిండాన్ని తీసే పద్ధతి అందుబాటులోకి వచ్చింది కనుక దాత కొద్ది రోజుల్లో ఇంటికి, కొన్ని వారాల్లో పనికి వెళ్లగలుగుతున్నాడు. అయినా ఇది ప్రమాదం లేని పని కాదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో శస్త్రచికిత్స తరువాత మూడు నెలల్లో మరణించిన దాతలు 10 వేలకు సుమారు ముగ్గురు. కాలక్రమంలో దాత మూత్రపిండమే చెడే ముప్పు కూడా, దానం చేయని ఆరోగ్యవంతులతో పోలిస్తే స్వల్పంగా ఎక్కువ. మధుమేహం తొంగిచూస్తున్న దాతను వైద్యులు తిప్పిపంపేది అందుకే. దాత ఆరోగ్యాన్ని విచారించే వైద్యబృందం గ్రహీత వైద్యబృందానికి వేరుగా ఉండాలన్న నియమమూ అందుకే.

భారతదేశంలో 2023లో 18 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. వాటిలో 13 వేలకు పైగా మూత్రపిండాలవి. అత్యధిక భాగం బ్రతికి ఉన్న దాతల నుంచే వచ్చాయి. ఆ దాతలలో స్త్రీలు ఎక్కువ, పొందినవారిలో పురుషులు ఎక్కువ. తల్లి, భార్య, అక్క ఇవ్వడానికి ముందుకు వస్తున్నారు. వారి త్యాగం గొప్పదే. కాని ఇంట్లో 'నువ్వు ఇవ్వవా?' అన్న చూపు ఎవరి మీద ముందుగా పడుతున్నదో ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవలసిన విషయం. దాత ఏ క్షణంలోనైనా కాదనవచ్చు. అలా కాదన్న సంగతిని వైద్యులు బంధువులకు వెల్లడించరు, 'ఈ దాత సరిపడరు' అని మాత్రమే చెబుతారు.

ఇంట్లోవారితో జోడీ కుదరనప్పుడు మరొక దారి ఉంది. ఒక కుటుంబంలోని దాత రెండవ కుటుంబంలోని రోగికి, వారి దాత మొదటి కుటుంబంలోని రోగికి ఇవ్వవచ్చు. ఇలాంటి కుండమార్పిడి దక్షిణ కొరియాలో 1991లోనే మొదలైంది. ఎక్కువ జంటలను ఒకేసారి కలిపే గణితపద్ధతిని రూపొందించినవారిలో ఒకరైన ఆల్విన్ రాత్‌కు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో 2011 చట్టసవరణ దీనికి అనుమతినిచ్చింది.

మరణానంతరం ఇచ్చేవారు

మరణించినవారి అవయవాలు పనికిరావాలంటే గుండె ఆగేలోగా గాని, ఆగిన కొద్ది నిమిషాలలో గాని నిర్ణయం జరగాలి. ప్రమాదంలో తలకు గాయమై మెదడు, దాని కాండం పూర్తిగా, శాశ్వతంగా పనిచేయడం మానివేసినప్పుడు, యంత్రం ఊపిరి ఆడిస్తున్నా ఆ మనిషి మరణించినట్లే. 1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నియమించిన సంఘం ఈ స్థితికి లక్షణాలను నిర్వచించింది. దీనికీ కోమాకూ పోలిక లేదు. కోమాలో ఉన్నవారి మెదడు జీవించే ఉంటుంది, కోలుకోవచ్చు. మెదడు మరణించినవారు కోలుకోవడమన్నది లేదు. భారతదేశపు చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ఈ నిర్ణయం చేయాలి.

భారతదేశంలో సఫలమైన తొలి మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. ఆ తరువాత రెండు దశాబ్దాలలో ఈ విద్యతోపాటు ఒక దురాచారమూ పెరిగింది. అప్పులపాలైన పేదలు మూత్రపిండాలు అమ్ముకోవడం, మధ్యవర్తులు వాటిపై లాభాలు గడించడం రివాజయ్యాయి. 1994లో పార్లమెంటు ఈ అమ్మకాన్ని నేరంగా ప్రకటించి, మెదడు మరణానికి చట్టబద్ధత కల్పించింది. ఆంధ్రప్రదేశ్ 1995లో తన చట్టాన్ని చేసుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం మృతదాతల అవయవాలను జాబితా వరుసలో పంచుతుంది. నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈ పథకం నడుస్తున్నది. మరణానంతర దానంలో తెలంగాణ దేశంలోని ముందువరుస రాష్ట్రాలలో నిలిచింది. అయినా 2023లో దేశమంతా కలిపి మృతదాతలు 1,100 మందికి మించలేదు.

విదేశాలలోని కుటుంబాలు ఒక భ్రమను వదులుకోవాలి. 'అవసరమైతే ఇండియా వెళ్లి చేయించుకుందాం' అన్నంత సులభం కాదు. అక్కడ మృతదాతల అవయవాలలో భారత పౌరులకే ముందువరుస. బ్రతికి ఉన్న దాత విషయంలో దగ్గరి రక్తసంబంధం గాని, వివాహబంధం గాని పత్రాలతో రుజువు కావాలి. డబ్బు చేతులు మారితే ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, చేసినవారు అందరూ నేరస్థులే.

పంది మూత్రపిండం దాకా

అవయవాల కొరతను తీర్చే మరొక మార్గం కోసం శాస్త్రజ్ఞులు జంతువుల వైపు చూస్తున్నారు. పంది మూత్రపిండం పరిమాణంలో మనిషి దానికి దగ్గరగా ఉంటుంది. కాని దాని కణాల మీది ఒక చక్కెర పదార్థాన్ని మానవదేహం చూచీ చూడగానే దాడిచేస్తుంది. జన్యువులను కత్తిరించి సరిచేసే విద్య వచ్చిన తరువాత ఆ చక్కెర లేని పందులను పెంచగలిగారు. 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 69 జన్యుమార్పులు చేసిన పంది మూత్రపిండాన్ని 62 ఏళ్ల రోగికి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలల తరువాత మరణించారు. మరణానికి మూత్రపిండం చెడడం కారణమన్న సూచన లేదని ఆసుపత్రి ప్రకటించింది. 2025లో అదే ఆసుపత్రిలో మరొక రోగిలో ఇటువంటి మూత్రపిండం 271 రోజులు పనిచేసిన తరువాత తీసివేయవలసి వచ్చింది. ఆశ చిగురించింది, కాని జాబితాలో ఉన్న ఒక్క రోగికి కూడా 'ఇది మీకు సిద్ధం' అని చెప్పగల స్థితి రాలేదు.

ఇంటిలో జరగవలసిన మాట

కాబట్టి మిగిలిన మెట్టు ప్రయోగశాలది కాదు. అవయవదానానికి అభ్యంతరంగా తరచు మతం పేరు వినిపిస్తుంది. దానం చేసిన అవయవం వచ్చే జన్మలో లోపిస్తుందన్న భయం కొందరికి ఉంది. దేహం ఆత్మ విడిచే వస్త్రమని నమ్మే సంప్రదాయంలో ఆ భయానికి చోటు లేదు. చితి మీద ఎలాగూ భస్మమయ్యే దానిని ముందుగా మరొకరికి ఇచ్చినంత మాత్రాన ఉత్తరక్రియలకు లోటు రాదు. శస్త్రచికిత్స తరువాత దేహాన్ని కుట్టి గౌరవంగా అప్పగిస్తారు. పోప్ రెండవ జాన్ పాల్ 2000లో అవయవదానాన్ని ప్రేమపూర్వకమైన కార్యంగా సమర్థించారు. ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల అంతర్జాతీయ సభ 1988లో జెడ్డాలో షరతులతో అనుమతించింది. ఏ మతానికి చెందిన తెలుగు కుటుంబమైనా తన గురువును అడిగి తెలుసుకోవచ్చు.

ఇంతకంటె పెద్ద అడ్డంకి మౌనం. తెలుగు ఇళ్లలో మరణం మాట ఎత్తితే 'అపశకునపు మాటలెందుకు?' అని పెద్దలు వారిస్తారు. ఆ మాట ముందుగా జరగని ఇంట్లో, ఆసుపత్రి వరండాలో నిలబడి, గంటల వ్యవధిలో, దుఃఖంలో మునిగి ఉన్నవారు నిర్ణయించవలసి వస్తుంది. పోయినవారి కోరిక ఏమిటో తెలియక చాలామంది వద్దనే అంటారు. చట్టాలు ఈ మౌనాన్ని పూర్తిగా తీర్చలేవు. వేల్స్‌లో 2015లో, ఇంగ్లండ్‌లో 2020లో, వద్దని నమోదు చేసుకోని వయోజనులందరూ సమ్మతించినట్లే భావించే చట్టాలు వచ్చాయి. అయినా అక్కడి వైద్యులు నేటికీ కుటుంబాన్ని సంప్రదించే ముందుకు సాగుతారు. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు దాతగా నమోదు కావచ్చు. ఆ లైసెన్సు మీద గుర్తు ఉన్నదని ఇంట్లోవారికి తెలియకపోతే, ఆ క్షణంలో అది వారికి ఓదార్పుకు బదులు దిగ్భ్రాంతి కలిగిస్తుంది.

ఒక మృతదాత రెండు మూత్రపిండాలు ఇద్దరిని డయాలసిస్ యంత్రం నుంచి విడిపించగలవు. కాలేయం, గుండె, ఊపిరితిత్తులు, కళ్లు మరికొందరికి ఉపయోగపడతాయి. పండుగకు నలుగురూ ఒకచోట చేరినప్పుడు, ఆస్తిపాస్తుల సంగతి మాట్లాడుకున్నంత మామూలుగా, ఈ సంగతి కూడా ఒకసారి మాట్లాడుకోవచ్చు. ఇవ్వదలచినవారు ఆ మాట స్పష్టంగా చెప్పి నమోదు చేసుకోవచ్చు. ఇష్టం లేనివారు అదీ చెప్పవచ్చు. అలాగే, నలభై దాటిన ప్రతివారూ, ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఏడాదికొకసారి క్రియాటినిన్, ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుంటే, ఆ జాబితాలో పేరు ఎక్కవలసిన అవసరమే చాలామందికి తప్పుతుంది.

శిబికి గాని, దధీచికి గాని లేని సౌకర్యం నేటి దాతకు ఉంది. ఇచ్చినది నిలుస్తుందన్న భరోసాను శాస్త్రం ఇవ్వగలుగుతున్నది. ప్రాణం పోయిన తరువాత ఇచ్చేవారు తమకోసం ఏదీ వదులుకోనక్కరలేదు. ఒక మాట ముందుగా చెప్పి ఉంచితే చాలు.